బస్సు కదిలేదాకా మా హర్షిత పీల్చిన పొగ

ఆ సాయంత్రం మా పాప హర్షిత స్కూలు బస్సు దిగి ఇంటి మెట్ల మీదే కూర్చుండిపోయింది. అప్పుడు మూడో తరగతి. రోజూ బ్యాగు నా చేతిలో పడేసి ఆటకు పరుగెత్తే పిల్ల. "అమ్మా, ఎద పట్టేసినట్ల ఉండాది" అంది. వీపు మీద చెవి ఆనిస్తే లోపల సన్నగా ఈల వినిపించింది.

మా కేజీఎఫ్‌లో ఏ పిల్ల దగ్గినా అందరూ పాత బంగారు గనుల దగ్గరి సైనైడ్ మట్టి దిబ్బలనే తప్పుపడతారు. రాబర్ట్‌సన్‌పేటలో డాక్టరు కూడా "దిబ్బ దుమ్మమ్మా, గాలికాలం కదా" అని సిరప్ రాశారు. తగ్గినట్టే తగ్గి దగ్గు మళ్ళీ వచ్చింది. ఒక సాయంత్రం పెదవులు నీలంగా మారాయి. ఆ డాక్టరు దగ్గరే నెబ్యులైజర్ పెట్టించి, మరుసటి రోజు కోలారుకు తీసుకెళ్ళాం.

ఎక్స్‌రే, బ్లడ్ టెస్టు, గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ, అన్నీ చేశారు. పిల్లల డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఆస్తమా. ఇన్‌హేలర్ డైలీ వాడాల" అంది. తర్వాత అడిగింది: "ఆదివారం ఎట్ల ఉంటాది పాప?"

ఆదివారం దగ్గదు. దసరా సెలవుల్లోనూ దగ్గలేదు. దిబ్బలకు సెలవులుండవు కదా.

నేను పనిచేసే బ్యాంకులో పర్మిషన్ తీసుకుని, స్కూలు వదిలే వేళకు వెళ్ళాను. కాంపౌండులో బస్సులన్నీ ఇంజన్లు ఆన్‌లోనే పెట్టుకుని నిలబడి ఉన్నాయి. పెద్ద తరగతులు వదిలేదాకా చిన్న పిల్లలు వాటి వెనక లైనులో నిలబడాలి. పొగ నేరుగా ముఖాలకే.

"ఆఫ్ చేయన్నా" అన్నాను మా బస్సు డ్రైవరుతో.

"చేస్తే మళ్ళా స్టార్ట్ కాదమ్మా. బ్యాటరీ పోయుండాది. చెప్పి చెప్పి నా నోరు నొచ్చినాది."

ప్రిన్సిపాల్ చల్లగా చెప్పింది: "ప్రాబ్లం మీ పాపకే కదా మేడం. మిగతా పిల్లలంతా బాగానే ఉండారు."

కలిసి అడుగుదాం రమ్మని తోటి తల్లులను పిలిచాను. "ఇంగ బస్సే నిలిపేస్తే మా బిడ్డలు ఎట్ల పోవాల?" అన్నారు.

చివరికి స్కూలు చేసిన ఏర్పాటు ఒకటే. బస్సు కదిలేదాకా హర్షిత ఒక్కతే ఆఫీసు గదిలో కూర్చోవాలి. పిల్లలు దాన్ని 'రోగిష్టి' అని పిలవడం మొదలుపెట్టారు. వానాకాలంలో ఒక రోజు ఆ గది కిటికీ కిందికే ఒక బస్సు తెచ్చి నిలిపారు. ఆ సాయంత్రమే పాప ఐసీయూలో చేరింది.

"మందుతో సగమే చేయగలనమ్మా. ట్రిగ్గర్, అంటే ఆ పొగ, పోవాల" అంది డాక్టరమ్మ. ఆక్సిజన్ మాస్కు ఇంకా తీయకముందే ప్రిన్సిపాల్ ఫోను వచ్చింది. "ఇంత రిస్కు మేం తీసుకోలేం మేడం. టీసీ తీసుకోండి."

తీసుకున్నాం.

హర్షిత ఇప్పుడు ఆరో తరగతి. నడిచి వెళ్ళే దూరంలో స్కూలు. ఇన్‌హేలర్ డోసు తగ్గింది, మానలేదు. ఖోఖో ఆడదు, గట్టు మీద కూర్చుని చూస్తుంది. పాత స్కూల్లో కొత్త బస్సులొచ్చాయి. వాటి ఇంజన్లూ ఎవరూ ఆపరు.

తోటి తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. స్కూలు వదిలే వేళకు మీరే వెళ్ళి, మీ పిల్లలు ఎక్కడ నిలబడుతున్నారో చూడండి. అందరూ ఎక్కేదాకా ఇంజన్ ఆపమని, మీ పిల్లలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, నలుగురితో కలిసి అడగండి. జబ్బు వచ్చాక అడిగితే వాళ్ళు ఇంజన్ ఆపరు, పిల్లనే బయటికి పంపుతారు.