బుఖారా? బఖూరా?

దుమ్యాత్ ఊళ్ళో కుర్చీలకూ మంచాలకూ మెరుగు పెట్టే రాతిబ్‌కు లోకంలో ఉన్నవి రెండే ముచ్చట్లు. ఒకటి వీధి మసీదులో పొద్దు వాలే అసర్ వేళ నమాజుకు పిలిచే అజాన్ ఇవ్వడం, రెండోది సిగరెట్. మొదటిదానికి రెండోది ఎప్పుడూ అడ్డమే. "నమాజుకు రండి" అని హాయిగా గొంతెత్తేవాడు. "సాఫల్యానికి రండి" దగ్గరికొచ్చేసరికి ఖళ్ళుమని దగ్గు! మైకులో ఆ దగ్గు వినబడగానే ఇంట్లో భార్య ఫౌకియా లేచి పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టేది. అంతలా అలవాటైపోయింది పాపం.

కూతురు ఇన్సాఫ్ పుట్టింటికి వచ్చినప్పుడు తండ్రి చేతిలో ఒక వేప్, అదే బ్యాటరీ సిగరెట్, పెట్టింది. "ఇది పొగ కాదు నాన్నా, ఆవిరి. సిగరెట్ మానెయ్యి" అంది. మామిడిపండు వాసన! రాతిబ్ చంటిపిల్లాడిలా మురిసిపోయి సిగరెట్ పెట్టె పారేశాడు.

కానీ పక్కన పనిచేసే వడ్రంగి బషందీ ఊరుకుంటాడా? "ఏమోయ్ రాతిబ్, పాలపీక చీకుతూ మమ్మల్ని నమాజుకు పిలుస్తావా? అది హరామో హలాలో కనుక్కున్నావా అసలు?"

ఆ మాట ముల్లులా దిగింది. హరామే అయితే ఇక మైకు ముందు నిలబడే మొహం తనకు లేదని రాతిబ్ తనకు తానే తీర్పు చెప్పేసుకున్నాడు. పోనీ మసీదు ఇమాము షేక్ హిలాలీని అడుగుదామంటే సిగ్గు.

"నువ్వెళ్ళి అడగవే" అన్నాడు ఫౌకియాతో.

"నీ పొగ గురించి నేనెందుకు అడగాలి?"

"పొగ కాదే, ఆవిరి!"

"సర్లే, ఆవిరి మొగుడా!" అని నవ్వి వెళ్ళింది.

ఆవిరిని అరబీలో బుఖార్ అంటారు, సాంబ్రాణి ధూపాన్ని బఖూర్ అంటారు. చూశారా, కొమ్ము ఒక్క అక్షరం పక్కకు జరిగితే చాలు! ఫౌకియా కట్టుడుపళ్ళు మరమ్మతులో ఉన్నాయి. షేక్‌గారి చెవులా, అంతంత మాత్రం.

"మౌలానా, మా ఆయన ఇంట్లో బుఖార్ మొదలెట్టాడు. తప్పంటారా?"

"తప్పేమిటమ్మా! ఇంటికి ఎంత మంచిది! శుక్రవారం మసీదుకూ తెమ్మను, అందరం పీలుస్తాం."

శుక్రవారం రాతిబ్ ఇస్త్రీ చేసిన పొడుగు అంగీ, గలాబియా, తొడుక్కుని, షేక్‌గారి పక్కనే కూర్చుని, ఠీవిగా వేప్ తీసి ఒక్క దమ్ము లాగి వదిలాడు. షేక్‌గారి గడ్డం మామిడి మబ్బులో మునిగిపోయింది.

"ఏమిటయ్యా ఇది!"

"బుఖార్, మౌలానా. మీరేగా తెమ్మన్నారు!"

"నేను చెప్పింది బఖూర్ గురించిరా నాయనా!" షేక్‌గారు నవ్వు ఆపుకోలేక తలపాగా పట్టుకున్నారు. రాతిబ్ మొహం మాత్రం మాడిపోయింది.

నమాజు అయ్యాక షేక్‌గారు అతన్ని ఒక మూలకు తీసుకెళ్ళారు. "నన్నడిగితే తగదనే అంటాను రాతిబ్. దేవుడిచ్చిన ఒంటికి మన చేత్తో మనం చెరుపు చేసుకోకూడదు కదా. చాలామంది పండితులది ఇదే మాట. అంత గట్టిగా అనని వాళ్ళూ ఉన్నారనుకో. సిగరెట్ నుంచి దిగడానికి నిచ్చెన అనుకుంటే దిగు. నిచ్చెన మీద కాపురం పెట్టకు."

"మరి... అజాన్?" అన్నాడు రాతిబ్.

"నిన్నెవరు మానమన్నారు? జబ్బుమనిషి పిలిస్తే మేం రామా ఏమిటి? నోరు శుభ్రంగా కడుక్కుని రా, అంతే."

ఇంటికెళ్ళి వేప్ ఫౌకియా చేతిలో పెట్టేశాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. అతను మరీ గిలగిల్లాడితే ఇచ్చేది, రెండు పీల్పులు కాగానే లాక్కునేది. మిగతా వేళల్లో నిప్పుల మీద బఖూర్ వేసి అతని చుట్టూ తిప్పేది. "షేక్‌గారు పీల్చమన్నది ఇదీ, పీల్చు!" అతను ముక్కు చిట్లించేవాడు, పీల్చేవాడు. అప్పుడప్పుడూ విసుక్కునేవాడు కూడా.

అలా గడిచి గడిచి, ఒకనాడు అసర్ అజాన్ ఇచ్చి ఇంటికొచ్చాడు. ఫౌకియా కిటికీ దగ్గర చెయ్యి చెంపకు ఆనించుకుని కూర్చునే ఉంది. పొయ్యి చల్లగా ఉంది.

"టీ ఏదే?"

"నువ్వు దగ్గందే!" అంది ఫౌకియా, కళ్ళు తుడుచుకుంటూ. "దగ్గుతావేమోనని చూస్తూ కూర్చున్నా."