అవ్వ హొన్నమ్మ నిశాని

నాకు దయ్యాల మీద నమ్మకం ఎప్పుడూ లేదు. ఇరవై ఏండ్లుగా హిందూపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు హిమోగ్లోబిన్ చూపించుకోమని చెప్పే రకం నేను. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నా బుద్ధి పెద్దగా మారలేదు. దీన్ని ఏమనాలో తెలియకనే రాస్తున్నాను.

ముందు మా నాయన సంగతి చెప్పాలి. ఆయనకు ఎనభై దాటాయి. సొంతూరు సోమందేపల్లి దగ్గర ఒక పల్లె. ఆయనకు ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. తల్లి కాన్పులోనే పోయిందని విన్నాడు. పెంచింది చిన్నాయన, చిన్నమ్మ. వాళ్లను నేను చిన్నతాత, చిన్నవ్వ అనేదాన్ని. వాళ్లు బాగానే చూసుకున్నారు కానీ, ఊర్లో ఆడవాళ్లు ఎవరో ఆయన్ను చూసి "తల్లిని మింగి పుట్టినోడు" అన్నారట. ఆ మాట ఆయన మనసులోంచి పోలేదు. ఇన్నేండ్లలో నాకు ఒక్కసారి చెప్పాడు, అదీ మా అమ్మ పోయిన రోజున.

ఆయనకు తల్లి పేరు కూడా తెలియదు. మా వైపు కోడళ్లను పుట్టినూరి పేరుతో పిలవడం అలవాటు. ఆమెది మడకశిర పక్క కన్నడం మాట్లాడే పల్లె. అందుకని ఇంటిల్లిపాదికీ ఆమె "మడకశిరామె". చిన్నవ్వ కూడా అంతే అనేది. పేరేమని అడగడానికి నాయనకు నోరు రాలేదు. మింగినోడే పేరు అడుగుతున్నాడని అనుకుంటారేమోనని భయమట. చివరికి చెప్పేవాళ్లందరూ పోయారు.

పెద్దల అమావాస్య రోజు మా ఇంట్లో కొత్త బట్టలు పెట్టి, సాంబ్రాణి వేసి, పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరుతో పిలుస్తాం. నాయన రెండు చీరలు పెట్టేవాడు. మొదటిది వాళ్ల నాయనమ్మకు, మా వైపు మాటలో అవ్వకు. దాని దగ్గర "అవ్వా హొన్నమ్మా" అని గట్టిగానే పిలిచేవాడు. రెండో చీర దగ్గరికి వచ్చేసరికి "అమ్మా" అని ఆగిపోయేవాడు. పేరు లేకుండా పిలిస్తే వస్తుందో రాదో అని ఆయన దిగులు. రాదు నాయనా, పేరున్నవాళ్లూ రారు అని నేను మనసులో అనుకునేదాన్ని. పైకి అనలేదు, అంత మాత్రం ఇంగితం ఉంది.

అవ్వ పేరు తెలిసింది ఒక కాగితం వల్ల. నాయన రేకుపెట్టెలో పాత స్టాంపు కాగితం ఒకటి ఉంది. ఆయన పసివాడుగా ఉన్నప్పుడు, తండ్రి భూమిని చూసుకునే బాధ్యత చిన్నతాతకు అప్పజెప్పుతూ రాయించింది. అంతా గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడేసిన రాత. మాకెవరికీ చదవడం రాదు. కింద వేలిముద్ర పక్కన మాత్రం విడిగా రాసి ఉంది: "మైనరు అవ్వ హొన్నమ్మ నిశాని". మైనరంటే నాయన, నిశాని అంటే వేలిముద్ర. తల్లి లేదు కాబట్టి నాయన అవ్వ వచ్చి వేలు పెట్టిందని అందరం అనుకున్నాం.

చిన్నతాత మనవడు శివ ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. నాకు తమ్ముడి వరస. రెండేండ్ల కింద వాడు మా వంశం వాళ్లందరినీ చేర్చి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. ఎవరింట్లో ఏ పాత కాగితం ఉన్నా ఫోటో పెట్టండి, అందరం కలిసి చదువుదాం అన్నాడు. తనకల్లు నుంచి ఒక అత్త పెండ్లి పత్రిక పెట్టింది. బెంగళూరు నుంచి ఒకాయన వంశవృక్షమే గీసి పంపాడు. అందులో మా నాయన పైన, తల్లి ఉండాల్సిన గడిలో ప్రశ్న గుర్తు. అది చూసి నాయన ఫోను బోర్లా పెట్టేశాడు. అప్పుడే నేను ఆ పేరు ఎట్లైనా కనుక్కోవాలని పంతం పట్టాను. ఆయనకు ఇంకెన్ని అమావాస్యలు ఉన్నాయో ఎవరికి తెలుసు?

పెనుకొండలో గొలుసుకట్టు చదివే పెద్దాయన ఉన్నాడని శివ కనుక్కున్నాడు. ఒకప్పుడు దస్తావేజులు రాసేవాడట. ఆయనది గాండ్లపెంట పక్క పల్లె, కన్నడం ముక్క రాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మా నాయనను ఆయన ఎన్నడూ చూడలేదు. ఇదీ గుర్తు పెట్టుకోండి.

నేనూ శివా వెళ్లేసరికి పొద్దున పదకొండు. ఎండ చుర్రుమంటోంది. పెద్దాయన వాకిట్లో కుర్చీలో కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, వేలు ఆనించి చదివాడు. గ్రూపులో పెట్టడానికి శివ ఫోను ఆయన నోటి దగ్గర పెట్టి రికార్డు చేశాడు. నేను నోటుబుక్కులో ఎకరాలూ హద్దులూ రాసుకుంటున్నాను. నడుమ ఒకచోట ఆయన గొంతు కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. కానీ అప్పుడే రోడ్డు మీద బస్సు హారను కొట్టడంతో మాట మా ఇద్దరికీ సరిగ్గా వినపడలేదు. తల్లి పేరు ఎక్కడా రాలేదని నిరాశగా ఇంటికొచ్చాను.

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, నాయన రికార్డింగు వింటానన్నాడు. పెట్టి నేను టీ కాచడానికి పోయాను. లోపలికి పిలుపు వినిపించింది.

"మ్మే, ఆ మాట మళ్లా పెట్టు."

వెనక్కి జరిపి పెట్టాను. తూర్పున ఫలానా చేను, పడమరన నీళ్లు పారే వంక అని హద్దులు చదువుతూ చదువుతూ, ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, పెద్దాయన గొంతే ఇట్లా అంది: "నేను వీనికి అవ్వను. కన్నదాన్ని. వీని ఎడం చెవి వెనకాల కందిబేడంత మచ్చ ఉండాది, చూసుకోండి." ఆ వెంటనే మళ్లీ ఉత్తరం హద్దు.

నాయన తల వంచి నా వైపు తిప్పాడు. తెల్లజుట్టు పక్కకు తీసి చూశాను. మచ్చ ఉంది. ఇన్నేండ్లలో నేను చూడలేదు. ఆయనకే తెలియదు. మంగలాయనకు తెలిసి ఉండొచ్చు, ఆయన మాత్రం పనిగట్టుకుని ఎందుకు చెప్తాడు?

అయినా నాకు లెక్క కుదరలేదు. అవ్వ అయితే కన్నది ఎట్లా అవుతుంది? రాత్రంతా ఇదే. మరుసటి రోజు ల్యాబులో మడకశిర పల్లె నుంచి వచ్చిన ఒక పాపకు రక్తం తీయబోతున్నాను. సూది చూడగానే ఆ పాప వాళ్లమ్మ కొంగు పట్టుకుని "అవ్వా, అవ్వా" అని ఏడ్చింది. నా చేయి ఆగిపోయింది. ఆ పల్లెల్లో అవ్వ అంటే అమ్మ! ఇరవై ఏండ్లుగా ఆ ఏడుపు వింటున్నాను, ఒక్కనాడైనా బుర్రకు ఎక్కితే కదా. ఆనాడు రాసేవాడు నువ్వెవరని అడిగి ఉంటాడు. ఆమె తన భాషలో "ఇవన అవ్వ", అంటే వీని అమ్మను, అని ఉంటుంది. విన్నది విన్నట్టు తెలుగులో రాసేశాడు. మేమంతా ఆమెను ఒక తరం పైకి తోసేశాం.

ఇది సరిచూడాలని శివకు ఫోన్ చేశాను. వాడు ఇంట్లో ఉన్నవన్నీ తిరగేశాడు. మూడో రోజు, చిన్నవ్వ ఫోటో పటం వెనక అట్టకు బదులు దూర్చిన పోస్టుకార్డు దొరికింది. చిన్నవ్వ కాన్పుకని ధర్మవరంలో పుట్టింటికి పోయినప్పుడు చిన్నతాత రాసింది. మామూలు రాతే, చదవడానికి వచ్చింది. "మడకశిరామె హొన్నమ్మ మొన్న పోయింది. దగ్గు తగ్గనే లేదు. కాగితం మీద వేలు పెట్టి పది దినాలు కూడా కాలేదు. పిల్లోడు నడుస్తాండాడు. మూలమూలా ఆమెను ఎతుకుతాండాడు. నువ్వు తొందరగా రా."

నాయనకు నేనే చదివి వినిపించాను. "నడుస్తాండాడు" దగ్గర ఆపి, ఆ ఒక్క మాట మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"అంటే నేను నడిచేదాకా ఉన్నిందా ఆమె?"

"ఉన్నింది నాయనా. నిన్ను ఎత్తుకునే పోయి వేలు పెట్టింటుంది."

"అయితే నేను మింగలేదు," అన్నాడు. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

వారానికి మళ్లీ పెనుకొండ పోయాం. పెద్దాయన కాగితం మొదటి నుంచి చివరిదాకా వేలితో మాటకు మాట చూపించాడు. పడమర వంక, ఆ వెంటనే ఉత్తరం హద్దు. నడుమ వెంట్రుకంత ఖాళీ కూడా లేదు. గొలుసుకట్టు తెలిసిన ఇంకో ఇద్దరికి ఫోటో పంపాను, వాళ్లకూ ఆ మాట కనిపించలేదు. రికార్డింగు వినిపిస్తే పెద్దాయన మూడుసార్లు విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గొంతు నాదేమ్మా. మాట నాది కాదు. అవ్వంటే నాకు అవ్వే," అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషిలా నాకు అనిపించలేదు. ఆడినా, మచ్చ సంగతి ఎట్లా తెలుస్తుంది?

మొన్న పెద్దల అమావాస్యకు నాయన ఎప్పటిలాగే రెండు చీరలు తెప్పించాడు. మొదటిదాని దగ్గర కూర్చుని "అమ్మా హొన్నమ్మా" అన్నాడు. అని, నా వైపు తిరిగి, "ఇన్నేండ్లూ పేరు పెట్టి పిలుస్తానే ఉంటినే," అని నవ్వాడు. ఆ నవ్వు చూడగలిగినందుకు నేను ఎవరికి దండం పెట్టాలో తెలియదు. శివకు, పెద్దాయనకు, సూదికి ఏడ్చిన ఆ పాపకు, అందరికీ పెట్టుకున్నాను. రెండో చీర దగ్గర ఇప్పుడు "అవ్వా" అని ఆగుతున్నాడు. నిజమైన అవ్వ పేరు గ్రూపులో వెతుకుతున్నాం.

జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ల్యాబులో ఒక ఫలితం అర్థం కాకపోతే మళ్లీ పరీక్ష చేస్తాం. దీన్ని మళ్లీ చేయడానికి లేదు. రికార్డింగు నా ఫోన్లో ఉంది, ఎవరైనా వినొచ్చు. నాయన రోజూ టీ తాగాక ఒకసారి పెట్టమంటాడు. గొంతు పెనుకొండ పెద్దాయనదే. కానీ ఆ మాట దగ్గరికి రాగానే నాయన చేయి ఎడం చెవి వెనక్కి పోతుంది, కళ్లు మూసుకుని మెల్లగా "ఊ" కొడతాడు.