తువ్వాల కింద నా వేలు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఏ కబురైనా మొదట పాలు పోసే అవ్వ నోటనే వచ్చేది. అక్క కబురు కూడా ఆమే మోసుకొచ్చింది. వీధి మొగదల పోస్టుమాన్ ఎదురై, మా ఇంటికి రెండు పెద్ద కవర్లు ఉన్నాయని చెప్పాడట. మిగతాదంతా ఆమె తానే అల్లుకుంది. "మీ అక్కను రెండు దిక్కుల రమ్మంటాన్రట బిడ్డా. పైసలు సుత వాళ్లే ఇస్తరట. అదృష్టమంటె గట్లుండాలె" అంటూ నా చెంబులో పాలు పోసింది. విచిత్రమేమిటంటే ఆమె అల్లుకున్నదంతా నిజమే అయింది. నాకప్పుడు పన్నెండేళ్లు. చెంబు లోపలికి తీసుకెళ్తుంటే ఎక్కడో చురుక్కుమంది. సంతోషించాల్సిన మాటకు అలా ఎందుకు మండిందో నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను.

అక్క మా పెద్దనాయన కూతురు. వరంగల్‌లో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా తాతయ్యకు మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన కందులు, పెసలు, మిర్చి అమ్మిపెట్టడం పని. పెద్దనాయన, మా బాపు ఇద్దరూ అక్కడే కూర్చునేవారు. నాకు చిన్నతనం నుంచీ ఆయాసం. మిర్చి సీజన్ వచ్చిందంటే గాలి పీల్చడమే కష్టమయ్యేది. ఐదో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాత నాకు చదువు చెప్పింది అక్కే. హనుమకొండలో డిగ్రీ కాలేజీ నుంచి బస్సులో వచ్చి, కాళ్లు కడుక్కుని, తన పుస్తకం తీయకముందే నా పుస్తకం తీసేది. ఆ భగవంతుడు నాకు ఊపిరి తక్కువ ఇచ్చినా అక్కను ఇచ్చాడని మా అమ్మ అంటుండేది. నేను ఆ మాట విని తలూపేదాన్ని. కృతజ్ఞత అనేది ఊపే తలలో ఉండదని తర్వాత కదా తెలిసింది.

డెబ్బైల చివరి రోజులవి. మా ఊళ్లో యూనివర్సిటీ కొత్తగా వచ్చింది. ఒక కవరు అక్కడిది. గణితంలో సీటు, స్కాలర్‌షిప్పు. ఇంటి నుంచే రోజూ పోయి రావచ్చు. రెండోది హైదరాబాద్‌లోని యూనివర్సిటీది. ఖగోళ శాస్త్రంలో సీటు, స్కాలర్‌షిప్పు, హాస్టల్లో గది. ఆ చదువు మా ఊళ్లో లేదు. అక్క ఏళ్లుగా కోరుకున్నది అదే. పది రోజుల్లోగా ఎటు వస్తుందో రాసి పంపాలి.

నేనేమన్నాను? "హైదరాబాద్‌కే పో అక్కా" అన్నాను. ఒకసారి కాదు, కనబడ్డ ప్రతిసారీ అన్నాను. ఇంట్లో అందరికంటే గట్టిగా అన్నాను. అక్క నా తల నిమిరి, "నువ్వొక్కదానివే నా దిక్కున్నవే" అనేది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు ఆ కవర్లు తీసి చూసేదాన్ని. వాటి మీద అక్క పేరు టైపు కొట్టి ఉంది. నల్లని అక్షరాలు, ఇంటిపేరుతో సహా. నా పేరు మీద మా ఇంటికి ఎన్నడూ ఉత్తరం రాలేదు. ఎవరు రాస్తారు? ఒక్క బడి కూడా ఉంచుకోని పిల్లను నేను. ఆమెను రెండు యూనివర్సిటీలు పిలుస్తున్నాయి. ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాస్తూ, అక్కడ నా పేరు ఉంటే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని. ఆమె మా ఊళ్లోనే చదివితే ఇంకొన్నాళ్లు సాయంత్రం బస్సు దిగి, దుమ్ము కొట్టుకుని, మామూలు మనిషిలాగే ఇంటికి వస్తుంది కదా అనుకునేదాన్ని. పాఠం ఆగిపోతుందన్న బెంగ ఉన్న మాట నిజమే. కానీ బెంగ ఒక పాలైతే కుళ్లు మూడు పాళ్లు. పొద్దున దేవుడి ముందు దీపం పెడుతూ, "స్వామీ, అక్క ఒంటరిగా అంత దూరం పోయి కష్టపడకుండా చూడు" అని మొక్కాను. దేవుడి దగ్గర కూడా మర్యాద మాట వెతుక్కున్నాను.

ఇంట్లో అసలు అడ్డం పెద్దనాయన. "చుక్కల చదువుకు హైదరాబాద్ దాక పోవాల్నా? మన డాబా ఎక్కితె కనవడవా?" అన్నాడు మొదటి రోజే. ఆయన నవ్విస్తూ అన్నా అది ఆఖరి మాటలాగే వినబడింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. మా బాపు అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు. మా అమ్మ అసలే మాట్లాడదు. వారం గడిచిపోయింది. అక్క కవర్ల దిక్కు చూడడం కూడా మానేసింది.

అమావాస్య వచ్చింది. ఆ రోజు మార్కెట్ బంద్. అందరూ ఇంట్లోనే ఉన్నారు. తాతయ్య అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టి భుజం మీది తువ్వాల తీశాడు.

మార్కెట్‌లో నలుగురి ముందు ధర పైకి చెప్పరు. కొనేవారూ అమ్మేవారూ తువ్వాల కింద చేతులు కలిపి వేళ్ల గుర్తులతో చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాళ్లకు తువ్వాల కదలడమే కనబడుతుంది. ఆ లోపల చెప్పిన మాట బేరం కుదిరినా, చెడినా బయట ఎవరికీ చెప్పకూడదు. చెప్పిన మనిషిని మళ్లీ ఎవరూ నమ్మరు.

"ఒక్క వేలంటె మన ఊరు, రెండు వేళ్లంటె హైదరాబాద్" అన్నాడు తాతయ్య. "మొఖాలు చూస్కుంట మాట్లాడితె ఈ ఇంట్ల నిజం బయటికి రాదు. ఎవలు ఏం చెప్పిండ్రో నేను చెప్ప. మీరు సుత ఒకలనొకలు అడగొద్దు, చెప్పుకోవద్దు."

ముందు మా బాపు చేయి, తర్వాత పెద్దనాయన చేయి తువ్వాల కిందికి పోయాయి. కోడళ్ల చేయి మామగారు పట్టుకోవడం మా ఇంట్లో లేదు. అందుకని పెద్దమ్మా, అమ్మా పీట మీద వేళ్లు పెట్టి తువ్వాల కప్పుకుంటే, తాతయ్య పైనుంచి ఒకసారి తడిమి చూసి చేయి తీసేశాడు. నన్ను అడగడేమో అనుకున్నాను. "నీది సుత తే బిడ్డా, దాని దగ్గర చదువుకునేదానివి నువ్వే గద" అన్నాడు.

లోపల ఆయన అరచేయి వెచ్చగా, గరుకుగా ఉంది. ఎవరూ చూడడం లేదు. నేను ఒక్క వేలు పెట్టాను.

ఆయన చేయి ఒక్క క్షణం కదలలేదు. మొహంలో మాత్రం ఏమీ లేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "అందరు హైదరాబాదే అంటాన్రు. ఒక్క చెయ్యి మాత్రం కలువలేదు. అది సుత కలిసినంకనే ఉత్తరం రాద్దాం" అన్నాడు.

అందరి కళ్లూ పెద్దనాయన మీదికి పోయాయి. ఆ ఒక్క చేయి ఎవరిదో చెప్పనక్కర లేదన్నట్టు పెద్దమ్మ నిట్టూర్చింది. అక్క తల దించుకుని లోపలికి పోయింది. ఆ ఒక్క వేలు నాది. అంటే పెద్దనాయన రెండు వేళ్లు చూపాడు. బిడ్డ కోసం లోలోపల ఎప్పుడు మెత్తబడ్డాడో, ఎందుకు మెత్తబడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ఏదో అనబోయి, తాతయ్య భుజం మీది తువ్వాల చూసి, నోరు మూసుకున్నాడు.

తర్వాతి రెండు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. పెద్దమ్మ కంచం పెట్టి పక్కకు తిరిగి నిలబడేది. "చుక్కలు కాదు, జర బిడ్డ మొఖం చూడు" అనేది గోడతో చెబుతున్నట్టు. పాలవ్వ కూడా వీధిలో నలుగురికీ చెప్పి వచ్చి, "అందరు ఒప్పుకున్నంక నువ్వొక్కనివే మొండికేస్తివట గదయ్యా" అని ఆయన మొహం మీదే అడిగింది. ఆయన "ఊఁ" అని చెప్పులు వేసుకుని దుకాణానికి పోయాడు. ఆయన "నేను కాదు" అంటే చాలు, మిగిలేది ఎవరో వెతుక్కోవడం ఎంతసేపు? ఆ ఒక్క మాట ఎప్పుడు వస్తుందోనని నేను ఆయన వెంట వెంటే తిరిగాను. అది రాలేదు.

గడువుకు ఇంకొక్క రోజుంది. ఆ సాయంత్రం పెద్దనాయన మిర్చి బజ్జీల పొట్లం తెచ్చాడు. అక్కకు అవంటే ప్రాణం. ఎన్నడూ లేనిది తానే గిన్నెలో పెట్టి తీసుకుపోయి ఆమె పక్కన పెట్టాడు. అక్క గిన్నె దిక్కు చూడకుండా లేచి వెళ్లిపోయింది. ఆయన గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. "నువ్వన్న తిను బిడ్డా, సల్లారిపోతయి" అని గిన్నె నా చేతికిచ్చాడు.

నేను కోరుకున్నది అదే కదా. అక్క వాటా నా చేతిలోకి వచ్చింది. అక్క స్థానం కాసేపు నాదయింది. ఒక్క ముక్క కొరికాను. మిగతాది గిన్నెలోనే పెట్టేశాను.

గిన్నె కింద పెట్టి తాతయ్య దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భుజం మీది తువ్వాల లాగి, ఆయన చేతి మీద కప్పి, లోపల నా రెండు వేళ్లు పెట్టాను. ఆయన ఆ వేళ్లను గట్టిగా పట్టుకున్నాడు. పన్నెండేళ్ల పిల్ల వేలును పక్కన పెట్టి ఆ రోజే ఉత్తరం రాయించగలిగిన మనిషి ఆయన. అలా చేయకుండా నా కోసం ఆగాడని అప్పుడు అర్థమైంది.

తర్వాత లోపలికి వినబడేట్టు పిలిచాడు. "ఉత్తరం రాయుండ్రి. హైదరాబాద్‌కు. అందరి చేతులు కలిసినయి."

పెద్దమ్మ పరుగున వచ్చి పెద్దనాయనను చూసి, "గిప్పటికన్న మనసు కరిగిందా?" అంది. నేను నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరవలేదు. పెద్దనాయన నా దిక్కు ఒకసారి చూసి, పెద్దమ్మతో, "ఆఁ, కరిగింది. ఇగ జల్ది కాగితం తే" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. నేను దేవుడి గదిలోకి పోయి, మొక్కడానికి మాట దొరకక ఊరికే కూర్చున్నాను.

అక్క హైదరాబాద్ వెళ్లిపోయింది. రైలెక్కించి వచ్చిన రోజు సాయంత్రం నేను మూల కూర్చుని ఉంటే పెద్దనాయన వచ్చి చాప పరిచాడు. "పుస్తకం పట్టుకరా. ఏడిదాక అయింది?" అన్నాడు. ఆయన చదివింది ఏడో తరగతి, అదీ ఉర్దూ మీడియంలో. లెక్కలు నోటితోనే చేసేవాడు కానీ పుస్తకంలో ఉన్నట్టు చేయలేకపోయేవాడు. ఇంగ్లీషు పాఠం వస్తే ఇద్దరం డిక్షనరీ ముందేసుకుని ఒక్కో మాటే వెతుక్కునేవాళ్లం. నేను ఆయన తప్పులు దిద్దితే, "నా పంతులమ్మవు నువ్వే" అని నవ్వేవాడు. దుకాణం నుంచి ఎంత అలసి వచ్చినా ఆ చాప పరవకుండా ఉండలేదు. అలా ఇంట్లోనే చదివి, ప్రైవేటుగా పది పాసయ్యాను. హాల్ టికెట్ పోస్టులో వచ్చినప్పుడు, దాని మీద నా పేరు టైపు కొట్టి ఉన్నప్పుడు, అది ముందు ఆయనకే చూపించాను. ఆ వేలి ముచ్చట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నాదేనని తెలుసని కూడా అనలేదు.

మా ఇంట్లో మాత్రం ఆ మాట స్థిరపడిపోయింది. అక్క సెలవులకు వచ్చినా, పెద్ద ఉద్యోగంలో చేరినా, ఎవరో ఒకరు ఆమెతో "ఆనాడు మీ బాపు ఒక్కడే అడ్డం పడ్డడు" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. నేను అక్కకు నిజం చెప్పాను, ఆయన పోయిన తర్వాత. అంత ఆలస్యం చేసినందుకు నన్ను నేను క్షమించుకోలేదు. అక్క నన్ను తిట్టలేదు. "బాపు తెచ్చిన బజ్జీలు ముట్టలే గద నేను" అని మాత్రం అంది.

ఇప్పటికీ ఎవరి పిల్లలకో మంచి సీటు వచ్చిందని తెలిసినప్పుడు, నేను మరీ గట్టిగా మెచ్చుకుంటుంటే నా గొంతు నాకే వినబడుతుంది. అప్పుడు ఆగి, లోపల ఏముందో చూసుకుంటాను. మచ్చ కనబడితే దాన్ని దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పుకుంటాను. మర్యాద మాటలు వెతకను. ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఇంతే. ఇంత దొరకడానికి కూడా ఒక మనిషి నా నిందను తన మీద వేసుకోవాల్సి వచ్చింది.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. మా పెద్దనాయనను ఒకసారి తలచుకోండి. బిడ్డను చదువుకు పొమ్మన్న తండ్రిగా తలచుకోండి. ఆయన బతికుండగా మేమెవరమూ అలా తలచుకోలేదు.