కాటుక పెట్టని ఆకు

సిరుగుప్పలో మా దేవుడి గది గోడకు వరి కాలంలో చెమట పడుతుంది. కాలువ నీళ్లు మడుల నిండా నిలిచాయంటే ఆ తేమ ఎలాగో పునాదిలోకి వస్తుంది. ఆ గోడ గూట్లోనే, ఒక చెక్క పెట్టెలో, మా తాటాకు పుస్తకం ఉండేది. నరసింహస్వామి మీద నాన్నగారి ముత్తాత కట్టిన కీర్తనలు అందులో ఉన్నాయి. వేరే ఎక్కడా ప్రతి లేదు. గంటంతో గీసి, మసి పూయకుండా వదిలేశాడాయన. మసి రుద్దితే తప్ప ఆ గీతలు కంటికి ఆనవు. ఏటా విజయదశమినాడు ఒక్క ఆకు తీసి, ఆముదపు దీపం మసి రుద్ది, అందులోని కీర్తనను భజనవాళ్ల చేత పాడించడం మా ఇంటి ఆచారం. దాన్ని మేము ఆకుకు కాటుక పెట్టడం అంటాం. ఏడాదికి ఒక్కటే. స్వామి ప్రసాదాన్ని ఒక్కపూటలో తినెయ్యకూడదని ఆయన ఆజ్ఞట.

అమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పెట్టె ఆమె చేతిలోనే ఉంది. దశమినాడు, కాటుక పెట్టని ఆకుల మందం వేళ్లతో పట్టి చూసి, "ఇంకా ఇంత ఉండాది, నన్నిప్పుడే పిలవడులే స్వామి" అని నవ్వేది. అందరమూ నవ్వేవాళ్లం. నాన్న పోయాక ఆ మాటకు నాకు నవ్వు రాలేదు.

పుస్తకం చుట్టే గుడ్డను ఆమె మడిగా ఉతికి, మా ఊరి బియ్యం గంజి చిక్కగా పెట్టి ఆరవేసేది. స్వామి గుడ్డ మెత్తగా వేలాడకూడదని, బిరుసుగా నిలబడాలని ఆమె పట్టుదల.

పోయిన ఏడాది నవరాత్రుల్లో మూలా నక్షత్రంనాడు పెట్టె మీద పూలు పెట్టి సరస్వతిని ఆవాహన చేశాం. అలా పూజలో కూర్చోబెట్టిన పుస్తకాన్ని దశమి ఉద్వాసన దాకా కదిలించరాదు. మర్నాడు దీపం వెలిగిస్తూ చూస్తే గూటి అంచు మీద ఎర్రటి సన్నమట్టి రాలి ఉంది. కుంకుమ అనుకొని తుడిచాను. హారతి అయ్యేలోగా మళ్లీ రాలింది. చెవి ఆనించి విన్నాను. లోపల ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు.

బళ్లారి నుంచి పండక్కి వచ్చిన చెల్లెలు చూడగానే చెదలంది. ఇప్పుడే విప్పుదామని పట్టుబట్టింది. అమ్మ ఒప్పుకోలేదు. నేను భజన మందిరానికి వెళ్లి, చిన్నప్పుడు నాకు పురాణం నేర్పిన పెద్దాయనను అడిగాను.

"వద్దప్పా, ముట్టొద్దు. పూజలో కూకోబెట్టినంక అది మీ పుస్తకం కాదు. తల్లిది. ఆమె సొత్తు ఆమె చూసుకుంటాది."

ఆ మాటను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. నమ్ముతూనే భయపడ్డాను. పారాయణ చేస్తున్నంతసేపూ, ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా ఆ చప్పుడు వినిపించేది. చెల్లెలు గూటి కింద తెల్ల కాగితం పరిచింది. మధ్యాహ్నానికల్లా దాని మీద మట్టి గీత ఏర్పడేది. అమ్మ ఆ కాగితం వైపు చూడకుండా పూలు మార్చేది.

నీకు పుస్తకం కావాలా, మడి కావాలా అని చెల్లెలు అడిగేసింది.

"మడి లేకుంటే ఇన్నేండ్లు పుస్తకం యాడ మిగిలేది?" అంది అమ్మ.

దశమి ఉదయం భజనవాళ్లు వచ్చి కూర్చున్నాక, ఉద్వాసన చెప్పి పెట్టె దించాను. చేతికి బరువు తెలియలేదు. వెనక చెక్క గోడకే అతుక్కుని ఉండిపోయింది. గంజి గుడ్డ ముందువైపు తెల్లగా, అమ్మ మడిచినట్టే ఉంది. గోడవైపు అంతా మట్టి దారులు. గంజి తింటూ వచ్చి చెదలు ఆకుల్లోకి దిగాయి. పాడిన ఆకులు పొడి అయిపోయినా ఆ పాటలు మా నోళ్లలో ఉన్నాయి. పాడనివాటిలో చాలావరకు సగాలే మిగిలాయి. అన్నిటికన్నా అడుగునున్న ఆకు ఒక్కటే నిండుగా ఉంది.

అమ్మ గుడ్డ మడతను వేళ్లతో నలిపింది. "నా చేతి గంజే" అంది. తర్వాత మసి గిన్నె నా ముందుకు జరిపింది.

"ఉండేవాటికంతా కాటుక పెట్టు. అన్నీ చదువు."

ఏడాదికి ఒక్కటే కదమ్మా అన్నాను.

"వచ్చే ఏటికి అవి ఉంటాయా, నేనుంటానా? చదువప్పా."

చదివాను. మా భజనలో ఒకరు చరణం చెబితే అందరూ అందుకుంటారు. మాట సగంలో తెగిన చోట నేను ఆగితే వాళ్లూ ఆ సగం మాటనే పాడారు. ఒక ఆకు 'నర' అన్న దగ్గర అయిపోయింది. గది నిండా కూర్చున్నవాళ్లు 'నర' అని పాడి నా నోటి వైపు చూశారు. తాళాలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆయన ఏం రాశాడో మాకు తెలియదు. 'సింహ' అని పూర్తి చేయడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేను చదివే ఆకు మీద అమ్మ చూపు లేదు. చదవకుండా మిగిలిన మందాన్నే చూస్తోంది. నిండుగా ఉన్న ఆ చివరి ఆకు దగ్గరికి వచ్చాక మసి గిన్నెకు మూత పెట్టాను.

"అదెందుకు పెడ్తివి?"

"వచ్చే దశమికమ్మా."

ఆమె లేచి వెళ్లి, గంజి పెట్టని గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆకును చుట్టి, చెల్లెలు కొన్న స్టీలు డబ్బాలో పెట్టి, గోడకు దూరంగా స్టూలు మీద ఉంచాం.

ఈ మధ్యే కాలువకు మళ్లీ నీళ్లు వదిలారు. గోడకు చెమట మొదలైంది. రోజూ సంధ్య వార్చాక డబ్బాకు చెవి ఆనిస్తాను. ఏమీ వినిపించదు. మంచం మీద నుంచి అమ్మ అడుగుతుంది, "ఉండాదా?" అని. ఉందంటాను. మూత మాత్రం తీయను, దశమి ఇంకా రాలేదు.