గొర్రెలు విన్న హోమ్ థియేటర్

ఎర్రయ్యకు తన చెవులంటే భలే గర్వం. పుల్లలచెరువు మండలంలో అడవి అంచునున్న ఆ పల్లెలో ఎవర్నడిగినా చెప్తారు, అరవై గొర్రెల మందలో ఏది అరిచినా వెనక్కి తిరక్కుండానే అదేదో చెప్పేస్తాడని. అలాంటి మనిషికి సౌండు పిచ్చి పట్టడంలో వింతేముంది? ఎనిమిదేళ్ల కిందట రెండు పొట్టేళ్లను అమ్మి మార్కాపురంలో హోమ్ థియేటర్ కొన్నాడు. అబ్బో, ఏం మోత! సినిమాలో ఫైటు మొదలైతే వంటింటి అలమరలో గిన్నెలు చిందులేసేవి. పక్కింటివాళ్లు తలుపులేసుకునేవారు. ఎర్రయ్య మాత్రం నులక మంచం మీద కాలు మీద కాలేసుకుని మీసం దువ్వుకునేవాడు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ మోతలో మనిషి మాట మునిగిపోయేది. భార్య వెంకటరత్నమ్మకు ఓ జ్వరం తర్వాత ఎడమ చెవి మందగించింది. మొదట్లో "ఏమన్నాడు? ఆమె ఏమన్నది?" అని మొగుణ్ని అడిగేది. ఈ మహానుభావుడు విసుక్కునేవాడు. ఆమె అడగడం మానేసింది. కొన్నాళ్లకు పక్కన కూర్చోవడమే మానేసింది. సాయంత్రం ఏడున్నర కాగానే ఎదురింటి సావిత్రమ్మ దగ్గరికి సీరియల్ చూడ్డానికి పోయేది. అక్కడున్నది చిన్న టీవీ, దానికి వేరే స్పీకరు పెట్టెలేమీ లేవు. మాట మాత్రం తేటగా వినపడేది.

రెండేళ్లు అలా గడిచాక ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు ఎర్రయ్య.

"ఏమే, ఇంత పెద్ద టీవీ ఇంట్లో పెట్టుకొని ఊరోళ్ల ఇంటికి పోతావేంది?"

"నీ పెట్టె మొత్తుకుంటది గానీ మాట్లాడదయ్యా," అంది ఆమె చెప్పులేసుకుంటూ. "అచ్చం నీ మాదిరే."

ఆ పూట ఎర్రయ్య సినిమా పెట్టలేదు. ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుంటే తన తప్పు తెలిసొచ్చి బాగా సిగ్గేసింది. ఎట్లయినా సరే ఆమెను మళ్లీ తన పక్కన కూర్చోబెట్టుకోవాలనుకున్నాడు. ఆ మాటేదో ఆమెతోనే చెప్పొచ్చు కదా! చెప్పడు. పొద్దున్నే మార్కాపురం బస్సెక్కాడు.

అక్కడ ఎలక్ట్రానిక్స్ దుకాణం నడిపే జీవన్ కుమార్ ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. తెర మీద హెలికాప్టర్లు ఎగరేశాడు, బాంబులు పేల్చాడు. "ఎన్ని వాట్లో తెలుసునా మామా? పెట్టినావంటే మీ ఊరు ఊరంతా లేస్తది!"

"ఊరితో నాకేం పని అబ్బీ? నాకు మాట ఇనపడాల."

జీవన్ కుమార్ తల గోక్కున్నాడు. "అట్లయితే పాత స్పీకర్లు ఉండనీ. వాటికి సౌండు పంపే ఈ రిసీవర్ డబ్బా ఒకటి మార్చి, టీవీ కింద నడిమధ్యన ఒక స్పీకర్ పెట్టుకో. మాటలన్నీ దాంట్లోనుంచే వస్తయి."

"నిజమో కాదో నేను చూసుకుంటా," అని ఎర్రయ్య ఫోన్ తీశాడు. గొర్రెపిల్లలను పగలంతా గూట్లో ఉంచి, సాయంత్రం మంద ఇంటికొచ్చాక తల్లులకు విడుస్తారు. ఆ వేళకు పిల్లలు ఆకలితో అరిచే అరుపును ఎప్పుడో రికార్డు చేసిపెట్టుకున్నాడు. "ఇది పెట్టు."

మొదటి రిసీవర్లో అన్నీ కలిసి ఒకటే గోల. రెండోదాంట్లో గొంతులు సన్నగా పీలగా వచ్చాయి. మూడోది పెట్టగానే ఎర్రయ్య కళ్లు మూసుకున్నాడు. "ఇది బొల్లిదాని పిల్ల. అది కుంటిదాని పిల్ల. అదో, నల్లదాని కవలలు! ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క! ఇదే, కట్టియ్ అబ్బీ!" ఫ్రిజ్ కొనడానికొచ్చిన దంపతులు వచ్చిన పని మర్చిపోయి నిలబడి చూశారు.

మర్నాడు సాయంత్రం జీవన్ కుమార్ పల్లెకొచ్చి వైర్లన్నీ బిగించాడు. "ఇంకొక్క పని మామా. ఈ చిన్న మైకు నువ్వు కూసునే చోట పెడితే, రిసీవరే ఆ చోటికి తగ్గట్టు సౌండు సర్దుకుంటది. అంతసేపు చప్పుడుండకూడదు."

"దానికేంలే, ముందు నా పిల్లల్ని ఇనిపియ్," అన్నాడు ఎర్రయ్య. ఆగలేడు కదా! మంద అప్పుడే మేత నుంచి వచ్చి దొడ్లో చేరింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గొర్రెలతో బతికిన మనిషి, తలుపు బార్లా తీసిపెట్టి, సౌండు పెంచి, పిల్లల అరుపు పెట్టించాడు.

ఇంకేముంది! పొదుగులు నిండిన తల్లులు ఒక్కసారి తలలెత్తాయి. పిల్లలు ఇంట్లో ఏడుస్తున్నాయి మరి. దొడ్డి తడిక ఫట్టున విరిగింది. బొల్లిది ముందు, దాని వెనక ఇరవై గొర్రెలు గడప దాటి లోపలికొచ్చి పడ్డాయి. నల్లది కవలల కోసం ఈ స్పీకరుకూ ఆ స్పీకరుకూ మధ్య పరుగులు పెట్టింది. జీవన్ కుమార్ మైకు పట్టుకుని మంచమెక్కి, "ఆపు మామా, ఆపు!" అని కేకలేశాడు.

వంటింట్లోంచి వెంకటరత్నమ్మ చీపురుతో వచ్చింది. "నీ సౌండు పాడుగాను! గొర్రెలక్కూడా సినిమా చూపిస్తావా?" అని తిడుతూనే నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. ఆమె అంతగా నవ్వడం చూసి ఎర్రయ్యకు ప్రాణం లేచొచ్చింది.

మందను తోలి, పిల్లలను తల్లులకు విడిచి, ఇల్లు ఊడ్చేసరికి ఏడైంది. చప్పుళ్లన్నీ సద్దుమణిగాక జీవన్ కుమార్ మైకు అందించాడు. ఎర్రయ్య దాన్ని తీసుకుని మంచం దాటిపోయి, వంటింటి గడప పక్కనున్న పీట మీద పెట్టాడు. వెనకటికి వెంకటరత్నమ్మ కూర్చుని టీవీ చూసే చోటది.

"నువ్వు కూసునేది మంచం మీద గదా మామా?"

"నా చెవులకేం రోగం? నాకు యాడైనా ఇనపడతది. నువ్వు కానీ."

చెప్పుల్లో కాళ్లు పెట్టబోతున్న వెంకటరత్నమ్మ అది చూసింది. పీట వంకా మొగుడి వంకా చూసి, చెప్పులు పక్కకు నెట్టేసింది.

జీవన్ కుమార్ వెళ్లిపోయాడు. సీరియల్ మొదలైంది. ఆమె పీట మీద కూర్చుంది. ఒక్కో మాటా తేటగా వస్తోంది. ఎర్రయ్య టీవీ చూస్తేగా, ఆమె ముఖమే చూస్తున్నాడు. బాగుందా అని అడగడానికి భయం. ప్రకటనలు రాగానే ఆమె లేచింది. ఇక ఎదురింటికేననుకున్నాడు. ఆమె వచ్చి మంచం మీద, కుడి చెవి అతని వైపుండేలా కూర్చుంది.

"అక్కడే కూసోవే," అన్నాడు కంగారుగా. "ఈడ మాట అంత బాగా ఇనపడదు."

"ఇనపడకుంటే నువ్వు చెప్పు," అంది వెంకటరత్నమ్మ.

సీరియల్ అయ్యేదాకా చెప్తూనే ఉన్నాడు ఎర్రయ్య. ఎవరు ఎవరికేమవుతారో తెలీక సగం తప్పే చెప్పాడు. ఆమె దిద్దుతూ విన్నది.