గుమ్మడి పిందెకు వేలు చూపినందుకు

కుండీలో రెండు మిరప మొక్కలు పెట్టి ఫొటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో మట్టెవాడలో మా ఇంటి వెనక మంచమంత మట్టి కోసం నేను పడ్డ పాట్లు వీళ్లకేం తెలుసు? నాకప్పుడు పద్నాలుగేళ్లు. వానాకాలం వస్తే పెరడంతా బురదేనని, ఆ కాస్త నేలా బండలు పరిపిస్తానని నాన్న పట్టుబట్టాడు. నేనేమో మిరుగు (మృగశిర కార్తె) వానలకే అక్కడ గుమ్మడి గింజలు పెట్టేశాను. "దీపావళి దాక సూస్త. అప్పటికి ఒక్క కాయన్న నిలవకపోతే బండలు ఏపిస్త," అన్నాడు. గుమ్మడికాయ పులుసు మీదున్న ప్రేమ ఆయనకు అది పెరిగే మట్టి మీద లేకపోయింది, ఎంత అన్యాయం.

బతుకమ్మ పండుగ నాటికి తీగ గోడెక్కి విరగబూసింది. తొమ్మిది రోజులూ పొద్దున్నే ఆ పువ్వులు కోసి బతుకమ్మలో పేర్చేదాన్ని (పిందె ఉన్న పువ్వు జోలికి మాత్రం పోలేదు, అంత తెలివి నాది). మొదటి రోజే గోడవతల పెద్దమ్మ (చుట్టం కాదు, వాడకట్టుకంతా పెద్దమ్మే) చూపుడు వేలు చాచి, "ఒకటి, రెండు, మూడు... మస్తు కాసినయే బిడ్డా," అంది. పిందెకు వేలు చూపిస్తే కుళ్లిపోతుందని పసిపిల్లకు కూడా తెలుసు. వారం తిరక్కుండా పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. నేను ఊరుకుంటానా? చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లందరి ముందు నిలదీశాను. "నా పిందెలకు ఏలెందుకు వెట్టినవ్ పెద్దమ్మా? నీ ఏలుకే అన్ని మురిగిపోయినయ్."

"తప్పయింది బిడ్డా. ఇగ సూపెట్ట," అని ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

మర్నాటి నుంచి గోడ దగ్గరికి ఎప్పుడొచ్చినా అలాగే వచ్చేది. పండుగైన నాలుగో రోజు ఒక పిందె నిలిచింది, దీపావళికి చెంబంత అయింది. నాన్న బండల మాట మానేశాడు. పెద్దమ్మ చేతులు దాచబట్టే కాయ నిలిచిందని నేను వాడంతా చెప్పుకు తిరిగాను.

ఇంటర్లో బాటనీ మేడమ్ ఒకరోజు పాఠం చెప్పింది: పిందె లేనిది మగ పువ్వు, పిందె ఉన్నది ఆడ పువ్వు; మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వు మీద పడితేనే పిందె నిలుస్తుంది, లేకపోతే రాలిపోతుంది. పిందె లేని పువ్వులు వట్టివే కదా అని ఒక్కటి మిగల్చకుండా కోసిందెవరు? నేనే. నా బతుకమ్మే అందరికన్నా పెద్దదని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా. పండుగై నేను కోయడం ఆపాకే కదా ఆ ఒక్క పిందె నిలిచింది!

ఆ సాయంత్రమే వెళ్లి మేడమ్ చెప్పిందంతా పెద్దమ్మకు చెప్పాను. "తప్పు నాదే పెద్దమ్మా. నీ ఏలుది ఏం లేదు."

"మగ పువ్వేందో, ఆడ పువ్వేందో. పోనీ తియ్యి బిడ్డా," అని నవ్వింది. గోడ మీది తీగకు ఆ ఏడూ పిందెలు పడ్డాయి. "ఈపాలి గూడ మంచిగనే కాసింది," అంటూ గడ్డంతో చూపించింది. చేతులు మాత్రం కొంగులోంచి తీయలేదు.

ఇప్పుడు నేనూ ఆ కుండీల వాళ్లలో ఒకదాన్నే. మేడ మీద గుమ్మడి పూస్తే పుల్లతో పుప్పొడి నేనే అద్దుతాను, చదువుకున్నదాన్ని కదా. ఆ తర్వాత చేతులు కొంగులో పెట్టుకుని, మనవరాలికి పిందెను గడ్డంతో చూపిస్తాను.