మేడమీది వాటా

సిపాయి పెళ్లాన్ని మీదే ఊరని అడిగితే టక్కున చెబుతుంది. మీ ఇల్లెక్కడని అడిగితే మాత్రం కాస్త ఆలోచించాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మా ఆయన ఆ పిల్లిని ఎప్పుడో దాటేశాడు. ఎడారి పక్క ఊళ్లో కొన్నాళ్లు, కొండకింద ఊళ్లో కొన్నాళ్లు, పేరు పలకడానికే నాకు నాలుక తిరగని ఇంకో ఊళ్లో కొన్నాళ్లు, అంతా క్వార్టర్సుల కాపురమే. ఎక్కడికి పోయినా అదే రంగు గోడలు. కిటికీల ఎత్తు మారుతుందని నా కర్టెన్లకు కింద జానెడు గుడ్డ మడతపెట్టి కుట్టించేదాన్ని. రెండు నల్ల ట్రంకుపెట్టెలు పక్కపక్కన వేసి, పైన పరుపూ మంచి దుప్పటీ పరిస్తే అదే మా సోఫా.

ఆ తర్వాత ఆయనకు సరిహద్దు పోస్టింగు వచ్చింది. అక్కడికి కుటుంబాలను తీసుకుపోనివ్వరు, ఉన్న క్వార్టరు ఖాళీ చేయాలి. మాకు మూడు దారులు మిగిలాయి. ఎక్కడో ఒక కంటోన్మెంటులో, మగవాళ్లు సరిహద్దుకు పోయిన కుటుంబాలకని విడిగా ఇళ్లుంటాయి. పేరు రాయించుకుని వంతు కోసం కాచుకోవాలి. రెండోది పాపారపట్టి దగ్గర మా అత్తగారి ఊరు. అక్కడ బాడుగ లేదు, బియ్యం కూడా కొనక్కర్లేదు. మూడోది ధర్మపురి టౌనులో ఇల్లు తీసుకోవడం. క్వార్టరు లేనివాళ్లకు జీతంతో ఇంటి భత్యం వస్తుంది గాని, బాడుగకే అది సరిపోదు. పైగా అడ్వాన్సు అని ఒకేసారి గుంజుతారు.

ఏం చేద్దామని ఆయన్ని అడిగితే నీ ఇష్టం అన్నాడు. మొగుడు నీ ఇష్టం అన్నాడంటే మా అమ్మకు నువ్వే చెప్పుకో అని అర్థం.

మా అత్తగారు చెడ్డదేం కాదు. మామగారు పోయినా పొలం పనులు తానే చూసుకున్న మనిషి. కాని ఆ ఇంట్లో మరిది, తోడికోడలు, వాళ్ల పిల్లలు, అందరికీ ఒకే పొయ్యి. రెండు గదుల క్వార్టరులోనైనా నేను మహారాణిలా బతికాను. ఉప్పెంత వేయాలో ఇంకొకరిని అడగనక్కర్లేని వంటిల్లు, తాళంచెవి నా కొంగున ఉండే వాకిలి, నాకు కావలసింది అంతే. అది పోతుందేమోనని నిజంగా భయపడ్డాను. మా కూతుర్ని చేర్చాల్సిన బడి టౌనులో కదా అన్న సాకు దొరికింది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

సొంత ఇల్లు ఉండగా బాడుగ ఇల్లేమిటని అత్తగారు ముఖం ముడుచుకుంది. ఊరంతా ఏమనుకుంటుందని అడిగింది. నేను బడి సంగతే చెప్పాను. ఆమె మళ్లీ ఊరి సంగతే చెప్పింది. ఇద్దరమూ ఒకరి మాట ఒకరం వినకుండా చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇల్లు వెతకడం మొదలుపెడితే ఓనర్లలో రెండు రకాలు కనిపించారు. మిలిటరీ అనగానే ముఖం వెలిగిపోయేవాళ్లు ఒక రకం. మిలిటరీ క్యాంటీను మందుసీసా ఎప్పుడు వస్తుందా అన్నది వాళ్ల లెక్క. ఇంట్లో మగమనిషి ఉండడనగానే ముఖం మాడిపోయేవాళ్లు రెండో రకం. ఒకే మనిషి రెండు మాటలకూ రెండు ముఖాలు పెట్టడం కూడా చూశాను. చివరికి ఒక వీధిలో మేడమీది వాటా చూడబోయి, మెట్ల మీద ఎగురుతున్న మా పిల్లను తెలుగులో కసిరాను. కింద చింతపండు ఎండబెడుతున్న ఓనరమ్మ తలెత్తి, మనోళ్లేనా అని అడిగింది. చుట్టూ తమిళం మాట్లాడే ధర్మపురిలో ఆ ఒక్క మాట పడితే సగం పని అయినట్టే. అడ్వాన్సు కూడా కాస్త తగ్గించింది.

మంచిరోజు చూసి పాలు పొంగించడానికి వెళ్లాం. అత్తగారు కూడా వచ్చింది. పెద్దకోడలు కొత్త ఇంట్లో పాలు కాస్తుంటే రాకపోతే బాగుండదని వచ్చిందే గాని, మనసులో ఈ ఇల్లు తప్పిపోతే బాగుండునని ఉందని నాకు తెలుసు. ఓనరమ్మ తానే గుమ్మానికి మామిడాకులు కట్టి, పసుపు కుంకుమ పెట్టసాగింది. పాలు పొయ్యి మీద పెట్టాం.

అప్పుడు నేను పెద్ద పొరపాటు చేశాను. క్వార్టర్సులో కొత్త ఇంట్లో అడుగు పెట్టినప్పుడు ఒక మనిషి మన వెంట వస్తాడు. ఫ్యాన్లు, బల్బులు, కిటికీ అద్దాలు అన్నీ లెక్కబెట్టి మనకు అప్పజెబుతాడు. ఖాళీ చేసేటప్పుడు ఏదైనా విరిగి ఉంటే దాని ఖరీదు మన నెత్తిన పడుతుంది. అందుకే విరిగినవి మొదటిరోజే చూపించి ఒప్పించుకోవాలి. మా ఆడవాళ్లు దేవుడిగది కంటే ముందు కొళాయిలు తిప్పి చూస్తారు. నా చేతులు కూడా వాటంతటవే ఆ పనిలో పడ్డాయి. పాలు కాగేలోపు కొళాయిలు తిప్పాను, స్విచ్చులు నొక్కాను, కిటికీలు తెరిచి మూశాను. వెనక కిటికీలో అద్దం మూల పగిలి ఉంది. సరిగ్గా పాలు పొంగుతున్న నిమిషంలో, ఈ అద్దం పగిలింది, మేం రాకముందే పగిలిందని ఒప్పుకోండి అని ఓనరమ్మను గట్టిగా పిలిచాను.

పాలు పొంగే వేళ పగిలింది అనే మాట ఎవరైనా అంటారా? ఓనరమ్మ చేతిలోని కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో తన ఇంట్లో ఇలాంటి మాట ఎవరూ అనలేదంది. మగదిక్కు లేనివాళ్లకు ఇస్తుంటే ఇంటాయన వద్దనే అన్నాడు, ఆ మాట వినకపోతినే అని వాపోయింది. అడ్వాన్సు వెనక్కి తీసుకుపొమ్మంది.

అత్తగారు ఊరుకుని ఉంటే చాలు, ఆమె కోరుకున్నది జరిగిపోయేది. ఆమె ముందు పొయ్యి తగ్గించింది. తర్వాత ఓనరమ్మ వైపు తిరిగింది.

"చెల్లా, అది నీ ఇంటిని శపించలేదు. ఇంటికింటికీ పోయి, ఆడ పగిలిందానికి దుడ్డు కట్టి, భయం పట్టుకునింది ఆ పిల్లకి. నా కొడుకు ఆడ మంచులో నిలబడుకోని ఉండాడు. వాని పెండ్లానికి ఊళ్లో ఇల్లు లేదని పంపిస్తావా? మగదిక్కు లేదంటావే, నేనుండాను గదా. నేనొచ్చి ఉంటాను."

ఓనరమ్మ భరిణెలో మళ్లీ వేలు ముంచింది. కుంకుమ పెట్టడం పూర్తి చేసింది. పాలలో చక్కెర వేసి అందరికీ ఇచ్చింది. ఆమె పుట్టిల్లూ మా అత్తగారి పుట్టిల్లూ రెండూ పెరియంపట్టే అని, ఆ పాలు తాగుతూ వాళ్లిద్దరూ కనిపెట్టారు.

అత్తగారు వచ్చి ఉంటానన్న మాట ఓనరమ్మను చల్లబరచడానికి అన్నదేననుకున్నాను. అనుకోవడమేమిటి, అలా అయితే బాగుండునని మొక్కుకున్నాను. వారం తిరక్కుండానే రాగిపిండి మూటతో అత్తగారు బస్సు దిగింది. నేను ఊరి నుంచి తప్పించుకోవడానికి ఇల్లు తీసుకుంటే, ఊరే మూట కట్టుకుని నా ఇంటికి వచ్చింది. ఫోనులో ఆయనకు చెబితే పడీపడీ నవ్వాడు. సరిహద్దులో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

వచ్చిన రోజే రోకలిబండతో గోడకు మేకు కొట్టి క్యాలెండరు తగిలించింది. క్వార్టర్సు గోడకు గుండుసూది గుచ్చాలన్నా వణికే నాకు ప్రాణం పోయినంత పనైంది. కింద ఓనరమ్మ విని, ఇంకో మేకు కావాలా అని పైకి కేకేసింది. నా పెట్టెల సోఫా మీద పగలంతా అత్తగారే కూర్చునేది. మొదట్లో ఉప్పు దగ్గర, కారం దగ్గర గొడవపడ్డాం. ఒకరోజు ఆమే తేల్చేసింది, పొద్దుటి వంట నీది, రాత్రి సంగటి నాదని. ఆ తర్వాత నాకూ హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు.

మెల్లగా ఆమె మారిపోవడం చూశాను. మారండహళ్ళి నుంచి కూరగాయలు తెచ్చే బండివాడితో రోజూ బేరం ఆడేది. టమాటా ధర పడిపోతే కొనేటప్పుడు సంతోషించి, పండించినవాడికి ఏం మిగులుతుందని సాయంత్రమంతా బాధపడేది. ఓనరమ్మతో కలిసి ఎక్కడెక్కడి గుళ్లకో పోయేది. ఊరికి పోదామంటే మాత్రం, పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చేద్దామనేది.

ఆయన సరిహద్దు కాలం అయిపోయింది. ఈసారి కుటుంబాలుండే చోట పోస్టింగు, క్వార్టరు కూడా దొరికింది. నేను కర్టెన్ల మడతలు విప్పుకుంటూ, అత్తగారి సామాను ఊరికి ఎలా పంపాలా అని పైకే అన్నాను. ఆమె సోఫా మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"మీరు పోండి. నేను ఈడనే ఉంటాను," అంది.

క్వార్టరు ఇస్తే ఇంటి భత్యం ఆగిపోతుందని, ఇక్కడి బాడుగ జీతంలోంచి కట్టాలని మెల్లగా చెప్పాను. పొలం మీద తనకు వచ్చే భాగం ఉందని, సగం తాను కడతానని అంది. ఊళ్లో అంత ఇల్లు పెట్టుకుని ఇక్కడెందుకత్తా అని అడిగాను. ఒకప్పుడు నన్ను ఆమె అడిగిన మాటే అది.

ఆమె కాయలు ఒలవడం ఆపింది.

"పెండ్లయి వచ్చినప్పుడు అది మా అత్త ఇల్లు. ఆమె పోయినాక మీ మామ ఇల్లు. ఇప్పుడు చిన్నోని పెండ్లాము ఇల్లు. నేను ఉండి ఏమి, పోయి ఏమి. ఈడ గలాటా పెట్టుకోని నిలుపుకున్నాను, ఇది నా ఇల్లు."

నాకు ఏడుపొచ్చింది. నేనొక్కదాన్నే ఇల్లు లేనిదాన్ననుకుని దేశమంతా తిరిగాను. ఆమె ఒక్క ఊళ్లోనే ఉండి అంతకాలం ఇల్లు లేకుండా గడిపింది. ఆ రాత్రి ఆయనకు ఫోను చేసి, సగం బాడుగ మనం కడుతున్నామని చెప్పాను. అడగలేదు, చెప్పాను.

బయల్దేరిన రోజు అత్తగారు బస్టాండు దాకా వచ్చింది. పిల్ల చేతిలో మామిడిపళ్ల సంచి పెట్టింది. ఏడుస్తుందేమోనని నేను జంకుతున్నాను గాని, ఆమె కళ్లు మేం ఎక్కబోయే బస్సు మీద కాదు, పక్కనే బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న, వాళ్ల పుట్టింటి ఊరు పెరియంపట్టికి పోయే బస్సు మీద ఉన్నాయి. ఓనరమ్మ అప్పటికే అందులో ఆమెకు సీటు పట్టుకుని కూర్చుంది. వెళ్లొస్తామత్తా అన్నాను.

"మంచిది. లీవులో వచ్చేటప్పుడు ముందే ఫోను చేసి రండి," అంది. "నేను ఇంట్లో ఉంటానో లేదో."